గడ్డం తీయని ఫైర్‌ఫైటర్‌కి ఏ మాస్కు? ఫుల్ ఫేస్, రబ్బరు తొడుగు, గాలి హుడ్‌ల మీద సమీక్ష

వీపు మీది సిలిండర్ నుంచి గాలి అందించే శ్వాస పరికరాన్ని ఎస్‌సీబీఏ అంటారు. దాని ఫుల్ ఫేస్ మాస్కుని తిరగేసి లోపలి అంచుని వేలితో తడిమితే, లోపలికి మడిచిన పెదవిలా మెత్తగా తగులుతుంది. నుదుటి మీదుగా వచ్చి, కణతల పక్కన దిగి, చెవుల ముందు నుంచి దవడ దాటి, చుబుకం కింద కప్పులా చుట్టుకుంటుంది. మండుతున్న ఇంట్లోకి వెళ్లే మనిషి ఊపిరితిత్తులకీ బయటి పొగకీ మధ్య ఉండే గోడ ఈ సన్నటి రబ్బరు పట్టీయే. సిలిండర్, రెగ్యులేటర్, అలారం, లెన్సు అన్నీ ఈ అంచు చర్మానికి అతుక్కుంటుందన్న నమ్మకం మీద తయారైనవే.

ముందుగా మాట స్పష్టం చేసుకోవాలి. తెలుగులో గడ్డం అంటే ముఖంలో ఆ భాగమూ, దాని మీది వెంట్రుకలూ రెండూనూ. మాస్కు విషయంలో ఈ రెండిటికీ ఉన్న తేడాయే అసలు సమస్య. కాబట్టి ఇక్కడ వెంట్రుకలకి గడ్డం అనీ, ఎముక ఉన్న చోటికి చుబుకం అనీ వాడుతున్నాం.

గడ్డం వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. రబ్బరు చర్మపు ముడతలకి సర్దుకుంటుంది గానీ, వెంట్రుక చుట్టూ పూర్తిగా మూసుకోలేదు. ప్రతి వెంట్రుకకీ రెండు పక్కలా సన్నటి సందు మిగిలిపోతుంది. అలాంటివి వందల కొద్దీ కలిస్తే గాలికి దారి దొరికినట్టే. పొడవాటి గడ్డమే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. మూడు రోజుల గడ్డం కూడా తక్కువేమీ కాదు. పొట్టి వెంట్రుక బిరుసుగా నిలబడి అంచుని చర్మం మీద నుంచి పైకెత్తుతుంది. పొడవాటి గడ్డం అంచు కింద చాపలా పరుచుకుంటుంది. దారులు వేరైనా చివరికి రెండూ లీకే. గడ్డం రోజుకి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఇవాళ చూసిన ముఖం వారం తర్వాత ఉండదు. ఈ సమీక్ష అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

అమెరికా అగ్నిమాపక శాఖల్లో ఈ వివాదం కొత్తది కాదు. సిక్కులకి కేశాలు విశ్వాసంలో భాగం. ముస్లింలలో చాలామంది గడ్డాన్ని ప్రవక్త సంప్రదాయంగా పాటిస్తారు. నిష్ఠగల యూదులు లేవీయకాండం 19:27 ప్రకారం గడ్డపు అంచులు గొరిగించుకోరు. క్రైస్తవుల్లోనూ మొక్కుగా, నియమంగా గడ్డం ఉంచుకునేవాళ్లు ఉన్నారు. వీళ్లలో ఎవరితోనైనా 'తీసేస్తే పోయేదేముంది' అనడం అవమానించడమే. 'లీకైతే మాత్రం ఏమైంది' అనడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. కనుక ఏ పరికరం ఏ పనికి ఎంత మాత్రం ఆదుకుంటుందో కొలిచి చెప్పడమే రెండు పక్షాలకీ మేలు.

నియమం ఏం చెబుతోందంటే

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా శ్వాసరక్షణ నియమం సంఖ్య 1910.134. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఏ మాస్కుకైనా, అంచుకీ చర్మానికీ మధ్యకి వచ్చే వెంట్రుకలు గానీ, వాల్వు పనికి అడ్డొచ్చే వెంట్రుకలు గానీ ఉన్న ఉద్యోగి చేత ఆ మాస్కు వాడించకూడదని ఇందులో ఉంది. జాగ్రత్తగా చదివితే, గడ్డం ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. అంచు కిందికి వెంట్రుక రాకూడదని మాత్రమే ఉంది. మీసం అంచు లోపలే ఉండిపోతే అభ్యంతరం లేదు. కింది పెదవి కింద చిన్న కుచ్చు ఉన్నా ఫరవాలేదు. చెవి పక్క నుంచి దిగిన సైడ్‌బర్న్‌లు అంచు కిందికి వస్తే మాత్రం కుదరదు. కళ్లజోడు కాడలకీ ఇదే సూత్రం. అందుకే ఫుల్ ఫేస్ మాస్కు వేసుకునేవాళ్లు కాడలు లేని అద్దాల ఫ్రేమ్‌ని మాస్కు లోపలే బిగించుకుంటారు.

రెండో సంగతి, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్న వాతావరణంలోకి ఏ పరికరంతో వెళ్లాలి అనేది. ఫుల్ ఫేస్‌పీస్ ఉన్న, ప్రెషర్ డిమాండ్ రకం (మాస్కు లోపల బయటకన్నా ఎక్కువ ఒత్తిడి నిలిపే రకం) ఎస్‌సీబీఏ కావాలి. మాస్కుల్ని పరీక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఆమోదం ఉండాలి, కనీసం 30 నిమిషాల సామర్థ్యం ఉండాలి. లేదంటే అదనపు చిన్న సిలిండర్ తోడున్న, బయటి నుంచి గొట్టంతో గాలి అందే మాస్కు ఉండాలి. ఇళ్లూ భవనాలూ మండేటప్పుడు లోపలికి వెళ్లి ఆర్పే పనంతా ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి ఆ పనికి బిగుతు మాస్కు తప్ప వేరే దారి లేదు. గడ్డం ఉన్నవాళ్లకి దొరికే మిగతా పరికరాల విలువ దీని తర్వాతే లెక్కకొస్తుంది.

ఫుల్ ఫేస్ ఎస్‌సీబీఏ మాస్కు

దీని మీద తరచూ వినిపించే వాదన ఒకటుంది: 'మాస్కు లోపల ఒత్తిడి బయటకన్నా ఎక్కువ. లీకున్నా గాలి బయటికే పోతుంది గానీ పొగ లోపలికి రాదు. మరి గడ్డంతో ఇబ్బందేమిటి?' ఈ మాటలో సగం నిజముంది. మిగతా సగమే ప్రాణాంతకం.

లెక్క చూద్దాం. 4500 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర నింపిన '45 నిమిషాల' సిలిండర్‌లో సుమారు 66 ఘనపుటడుగుల గాలి పడుతుంది, అంటే దగ్గర దగ్గర 1870 లీటర్లు. ఆ 45 నిమిషాలు నిమిషానికి 40 లీటర్లు వాడితే వచ్చే లెక్క. గొట్టం లాగుతూ మెట్లెక్కే మనిషి నిమిషానికి 100 లీటర్ల దాకా వాడగలడు. ఎస్‌సీబీఏ పనితీరుకి అమెరికా అగ్ని రక్షణ సంఘం పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 1981 ప్రమాణంలోనూ (ఇప్పుడది ఎన్‌ఎఫ్‌పీఏ 1970లో కలిసిపోయింది) గాలి సరఫరాని నిమిషానికి 103 లీటర్ల శ్వాస దగ్గరే పరీక్షిస్తారు. ఆ లెక్కన సిలిండర్ 18 నిమిషాల పైచిలుకు వస్తుంది. అంచు దగ్గర నిమిషానికి 20 లీటర్లు బయటికి కారిపోతోందనుకోండి, 15 నిమిషాల పైచిలుకుకి పడిపోతుంది. అంటే సుమారు మూడు నిమిషాలు పోయినట్టే. సిలిండర్‌లో మూడో వంతు మిగిలినప్పుడు తక్కువ గాలి అలారం మోగుతుంది. గడ్డం ఉన్నవాడికి అది తోటివాళ్లకన్నా ముందే మోగుతుంది. జట్టుగా వెళ్లినవాళ్లలో ఒకరి అలారం మోగితే అందరూ వెనక్కి తిరగాల్సిందే. ఒకరి లీకు జట్టు మొత్తం పనికాలాన్ని కోస్తుంది.

ఇక ఒత్తిడి సంగతి. పెద్ద బరువెత్తి, కంగారులో ఒక్కసారిగా గాలి పీల్చినప్పుడు, ఆ క్షణంలో రెగ్యులేటర్ ఇచ్చే గాలి చాలకపోతే మాస్కు లోపలి ఒత్తిడి బయటకన్నా కిందికి జారవచ్చు. అంచు సరిగ్గా అతుక్కున్నవాడికి ఆ జారుడు వల్ల నష్టం లేదు. అంచు కింద వెంట్రుకల సందులున్నవాడికి ఆ ఒక్క శ్వాసలోనే పొగ లోపలికొస్తుంది. పీల్చే ప్రతి గట్టి శ్వాసకీ అదే పునరావృతం కావచ్చు.

మాస్కు తొడుక్కునే పద్ధతిలో జరిగే తప్పులు గడ్డం లేనివాళ్లకి కూడా ఇదే హాని చేస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది నిప్పు హుడ్ తప్పు. తలకి వేసుకునే ఆ గుడ్డ హుడ్‌ని ముందు కిందికి లాగి మెడ చుట్టూ ఉంచాలి, మాస్కు పెట్టుకున్న తర్వాతే పైకి లాగి అంచు మీదుగా కప్పాలి. తొందరలో హుడ్ బట్ట రబ్బరు అంచు కింద ఇరుక్కుంటే నున్నగా గీసుకున్న ముఖం కూడా లీకవుతుంది. సరైన వరస ఇది: పట్టీలు పూర్తిగా వదులు చేసి, ముందు చుబుకాన్ని కప్పులో కూర్చోబెట్టి, పట్టీలన్నిటినీ కలిపే వలని తల వెనక్కి లాగి, కింది పట్టీలు రెండూ ఒకేసారి వెనక్కి గుంజి, తర్వాత కణతల దగ్గరి పట్టీలు బిగించాలి. పట్టీని ముఖానికి అడ్డంగా, బయటికి లాగితే అంచు వంకర పోతుంది. అన్నీ అయ్యాక రెగ్యులేటర్ తగిలించే రంధ్రాన్ని అరచేత్తో మూసి, మెల్లిగా గాలి పీల్చి 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మాస్కు కాస్త లోపలికి నొక్కుకుని అలాగే ఉండాలి. ఉబ్బినా, ఎక్కడో సన్నగా గాలి తగిలినా మళ్లీ మొదటి నుంచి.

గడ్డం ఉన్నవాళ్లు ఈ చివరి పరీక్షలో 'నాకు పాసైంది కదా' అంటుంటారు. దట్టమైన వెంట్రుకల గుండా వచ్చే గాలి ఒక చోట తగలదు, అంచు పొడవునా కొద్దికొద్దిగా చెదిరి వస్తుంది. అందుకే చర్మానికి తెలియదు. అరచేతి పరీక్ష పెద్ద లీకుని పట్టుకోవడానికే. చిన్న లీకుల మొత్తాన్ని లెక్కగట్టడం దాని వల్ల కాదు.

సిక్కు ఫైర్‌ఫైటర్లకి ఇంకో అడ్డంకి ఉంది, దాని గురించి అగ్నిమాపక శాఖలు చాలా అరుదుగా ఆలోచిస్తాయి. మాస్కు వల తల వెనుక భాగం మీద బల్లపరుపుగా కూర్చోవాలి. కేశాల ముడి నడినెత్తిన ఉంటే వల పైకి జారుతుంది, కింది పట్టీల పట్టు తగ్గుతుంది, హెల్మెట్ కూడా సరిగ్గా కూర్చోదు. ముడిని కాస్త ముందుకి మార్చుకుని, పలుచటి పట్కా గుడ్డ కట్టుకుని, వల దాని మీద ఎక్కడ ఆగుతుందో అద్దంలో చూసుకోవాలి. ఇది గడ్డం సమస్యని తీర్చదు గానీ, కేశాలు మాత్రమే ఉండి గడ్డం లేని సిబ్బందికి, స్త్రీలకి కూడా ఇదే సలహా అక్కరకొస్తుంది.

ఈ మాస్కు గురించి మా తీర్పు: గడ్డం లేని ముఖం మీద దీన్ని మించినది లేదు. ప్రెషర్ డిమాండ్ ఎస్‌సీబీఏకి ఓషా ఇచ్చిన రక్షణ అంకె 10,000, అంటే బయటి విషం లోపల పదివేలో వంతుకి తగ్గుతుందని లెక్క. అదే మాస్కు గడ్డం మీద పెడితే ఆ అంకెకి అర్థం లేదు. ఎంత రక్షణ ఇస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఫిట్ టెస్టు యంత్రాలు

గడ్డం వివాదంలో 'టెస్టు పెట్టండి, పాసైతే వదిలేయండి' అనే మాట న్యాయంగా వినిపిస్తుంది. అందుకే, మాస్కు ముఖానికి ఎంత బాగా అతుక్కుందో కొలిచే ఈ యంత్రాల్ని విడిగా చూడాలి.

టీఎస్‌ఐ వాళ్ల పోర్టాకౌంట్ గదిలోని గాలిలో ఉండే సూక్ష్మ కణాల్ని బయటా, మాస్కు లోపలా లెక్కబెడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరిలో ఆ కణాలు బొట్లుగా ఉబ్బుతాయి, అప్పుడు లేజర్‌కి కనబడతాయి. బయటి సంఖ్యని లోపలి సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఫిట్ ఫ్యాక్టర్. ఫుల్ ఫేస్‌కి కనీసం 500 రావాలి, అంటే బయటి కణాల్లో 0.2 శాతానికి మించి లోపలికి రాకూడదు. ముక్కూ నోరూ మాత్రమే కప్పే హాఫ్ మాస్కుకి 100 చాలు. ఎస్‌సీబీఏ మాస్కుకి పరీక్ష చేసేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి, ఆ చోట సూక్ష్మ కణాల్ని ఆపే పీ100 ఫిల్టరూ, నమూనా గొట్టం పెట్టే అడాప్టరూ బిగిస్తారు. అంటే సిలిండర్ ఒత్తిడి సాయం లేకుండా, పీల్చి లాగే స్థితిలోనే పరీక్ష జరుగుతుంది. కావాలనే ఇలా పెట్టారు. ఒత్తిడి సాయం ఉంటే లీకులు దాక్కుంటాయి.

వాడకంలో ఎదురయ్యే తంటాలు ఇవి. ఆల్కహాల్ వత్తి ఆరిపోతే లెక్క తప్పుతుంది. గది మరీ శుభ్రంగా ఉండి బయటి కణాలు తక్కువైతే యంత్రం మొరాయిస్తుంది, అప్పుడు ఉప్పు కణాల జనరేటర్ ఆన్ చేయాలి. నమూనా గొట్టం మడత పడితే పాసైనవాడు ఫెయిలయినట్టూ, ఫెయిలైనవాడు పాసైనట్టూ కనబడొచ్చు. రోజూ ఉదయం హెపా ఫిల్టర్ తగిలించి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోకుండా మొదలుపెడితే ఆ రోజు పరీక్షలన్నీ వృథా. పరీక్షకి ముందు 30 నిమిషాలు సిగరెట్ తాగకూడదు, లేకపోతే ఊపిరితిత్తుల్లో మిగిలిన పొగ కణాలే లీకుగా లెక్కలోకి వస్తాయి. మాస్కు పెట్టుకుని కనీసం 5 నిమిషాలు అలాగే ఉండి సర్దుకున్నాకే మొదలుపెట్టాలి.

పాత ఎనిమిది అభ్యాసాల వరస ఇలా ఉంటుంది: మామూలు శ్వాస, లోతైన శ్వాస, తల పక్కలకి, తల పైకీ కిందికీ, గట్టిగా చదవడం, ముఖం వికృతంగా ముడవడం, నడుం వంచడం, మళ్లీ మామూలు శ్వాస. ముఖం ముడిచేది 15 సెకన్లు, మిగతావి ఒక్కోటీ 60 సెకన్లు. 2019లో ఓషా కుదించిన వరసని కూడా ఒప్పుకుంది, అది రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. రోజుకి వంద మందిని పరీక్షించాల్సిన శాఖకి ఈ తేడా చాలా పెద్దది.

ఓహెచ్‌డీ వాళ్ల క్వాంటిఫిట్ కణాల్ని అసలు లెక్కబెట్టదు. మాస్కు లోపల స్థిరమైన తగ్గు ఒత్తిడి నిలబెట్టి, దాన్ని నిలపడానికి ఎంత గాలి లాగాల్సి వచ్చిందో చూస్తుంది. ఆ గాలే లీకు. మనిషి కదలకుండా 10 సెకన్ల పాటు ఊపిరి బిగబట్టాలి. కొందరికి ఇదే కష్టం, మింగినా కదిలినా మళ్లీ చేయాలి. గడ్డం ప్రశ్నకి మాత్రం ఈ పద్ధతే నిజాయితీగా జవాబిస్తుందని మా అభిప్రాయం. దట్టమైన గడ్డం గుండా వంకరగా వచ్చే కణాల్లో కొన్ని వెంట్రుకలకే అంటుకుపోవచ్చు. గాలికీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ ఆ అడ్డు ఉండదు. కణాల లెక్కలో కాస్త మెరుగ్గా కనబడిన ముఖం, గాలి లెక్కలో అసలు స్వరూపం చూపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంచు దగ్గర ఏ వెంట్రుకలు ఉన్నా, చివరికి నిన్నటి మొలకలే అయినా, పరీక్షే చేయకూడదని ఓషా పద్ధతిలో రాసుంది. చాలామందికి ఇది మొండితనంలా అనిపిస్తుంది. న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చర్మవ్యాధి వల్ల గీసుకోలేని నల్లజాతి ఫైర్‌ఫైటర్లకి కొంతకాలం పొట్టి గడ్డం అనుమతించారు, వాళ్లు ఫిట్ టెస్టు పాసయ్యారు కూడా. 2018లో ఆ అనుమతి రద్దు చేశారు. 2021లో అమెరికా సమాఖ్య రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఓషా నియమం స్పష్టంగా ఉంది కనుక ఆ సడలింపు ఇవ్వాల్సిన బాధ్యత నగరానికి లేదని తేల్చింది. పాసైనవాళ్లని ఆపడం అన్యాయంగా కనబడుతుంది, ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే ఫిట్ టెస్టు ఏడాదికొకసారి జరుగుతుంది. మిగతా 364 రోజులూ అదే ముఖం ఉంటుందన్నది దాని ఊహ. గీసుకున్న చర్మం ఆ ఊహని నిలబెడుతుంది. గడ్డం ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది, ట్రిమ్మర్ ఒక అంకె అటూ ఇటూ అయినా మారిపోతుంది. పాసైన రోజు కొలత ఆ రోజుదే.

మాస్కు కింద రబ్బరు తొడుగు

కోవిడ్ రోజుల్లో బ్రిటన్‌లో సిక్కు వైద్యుల నుంచి వచ్చిన పరికరమిది, పేరు సింగ్ ఠాఠా. గడ్డం సర్దుకోవడానికి సిక్కులు కట్టుకునే గుడ్డ పట్టీని ఠాఠా అంటారు. దానికి బదులు వ్యాయామానికి వాడే సాగే రబ్బరు షీటు కట్టి, దాని మీద మాస్కు పెడతారు. 2020లో అచ్చయిన చిన్న అధ్యయనంలో గడ్డం ఉన్న 27 మందిలో 25 మంది రుచి ఆధారిత పరీక్షలో (బయట చల్లిన పదార్థం రుచి మాస్కు లోపల తెలిస్తే ఫెయిల్) పాసయ్యారు, అంకెలతో కొలిచిన 5గురూ పాసయ్యారు. ఆసుపత్రి పనికి ఇది నిజమైన మేలు, సాధించినవాళ్లని మెచ్చుకోవాల్సిందే.

కట్టే తీరు ఇది. గడ్డాన్ని దువ్వి, చుబుకం కిందికి చుట్టి పిన్నుతో గానీ జెల్‌తో గానీ అణచాలి. గడ్డం మొత్తాన్ని కప్పేంత వెడల్పు షీటు తీసుకుని మధ్య భాగం చుబుకం కింద పెట్టి, రెండు కొసల్నీ చెవుల ముందు నుంచి నడినెత్తికి లాగి ముడేయాలి. పై అంచు కింది పెదవికి దగ్గరగా, పక్కల బుగ్గ మీది నున్నటి చర్మాన్ని దాటి ఉండాలి. దవడ కీలు దగ్గర ముడత లేకుండా చేత్తో నిమరాలి. ఆ తర్వాత మాస్కు, దాని పట్టీలు.

తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి దవడ కీలు. మాట్లాడినప్పుడు అక్కడ షీటు ముడత పడి మాస్కు అంచు కింద మడతలా నిలుస్తుంది. రెండోది కంటికి కనబడనిది. మాస్కు అంచు షీటు మీద గట్టిగానే అతుక్కుంటుంది, కానీ షీటు కింద గడ్డం ఉంది. బయటి గాలి మెడ దగ్గర షీటు కిందికి దూరి, గడ్డం గుండా పైకి పాకి, కింది పెదవి దగ్గర షీటు పై అంచు నుంచి మాస్కు లోపల తేలుతుంది. పై అంచు పెదవి కింద చర్మానికి బిగువుగా లేకపోతే మాస్కు ఎంత బిగించినా లాభం లేదు. ఈ తొడుగు వాడేవాళ్లందరూ ముందు ఈ దారిని చూసుకోవాలి. లేటెక్స్ పడని చర్మాలకి వేరే పదార్థం షీటు కావాలి. చెమటకి గంట గంటన్నరలో జారడం మొదలవుతుంది.

దీన్ని నిప్పులోకి తీసుకెళ్లొచ్చా అని గట్టిగా అడిగేవాళ్లున్నారు. కుదరదు. 2013 సంచిక నుంచి ఎన్‌ఎఫ్‌పీఏ 1981 ప్రకారం మాస్కు లెన్సుని చదరపు మీటరుకి 15 కిలోవాట్ల వేడి ముందు 5 నిమిషాలు నిలబెట్టి పరీక్షిస్తారు. వ్యాయామపు రబ్బరు షీటు ఆ పరీక్షలు ఏవీ చూడలేదు. అది మెత్తబడి గడ్డానికీ చర్మానికీ అతుక్కుంటే మాస్కు లోపలే గాయమవుతుంది. పైగా నియోష్ ఆమోదం మాస్కుకి దాని సొంత భాగాలతో కలిపి ఇస్తారు. అంచు కింద ఏ కొత్త పొర చేర్చినా ఆ ఆమోదం వర్తించదు. ఆసుపత్రిలో ఎన్95 కింద, అక్కడి నియమాలు ఒప్పుకున్న చోట మాత్రమే దీని విలువ.

గాలి హుడ్

వదులుగా ఉండే హుడ్, నడుం బెల్టుకి బ్యాటరీ ఫ్యాన్, ఫిల్టర్, వెనక నుంచి గొట్టం: ఈ పీఏపీఆర్ గడ్డం ఉన్నవాళ్లకి నిజంగా పనికొచ్చే పరికరం. ముఖానికి అతుక్కోదు కనుక ఫిట్ టెస్టు లేదు, గడ్డం అడ్డం కాదు. ఫ్యాన్ నిమిషానికి కనీసం 170 లీటర్ల గాలి పంపాలి. ఆ ప్రవాహమే హుడ్ అంచుల నుంచి బయటికి తోస్తూ మురికి గాలిని రానివ్వదు. తయారీదారు పరీక్షల ఆధారం చూపిస్తే హుడ్‌కి రక్షణ అంకె 1000, లేకపోతే 25. కొనే ముందు ఆ ఆధార పత్రం అడగండి. చాలామంది అడగరు.

కొనుగోళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఫ్యాన్ ఉంటే చాలు గడ్డానికి సరిపోతుందని బిగుతు ఫుల్ ఫేస్ మాస్కుతో వచ్చే పీఏపీఆర్ తెప్పిస్తారు. బిగుతు మాస్కు ఏదైనా, ఫ్యాన్ ఉన్నా లేకున్నా, అంచు కింద వెంట్రుకలు నిషిద్ధమే. పెట్టె మీద ఏం రాసుందో కన్నా లోపల ఉన్నది హుడ్డా, మాస్కా అన్నదే చూడాలి.

రోజూ వాడే ముందు గొట్టం చివర ప్రవాహ సూచిక పెట్టి బంతి గీత పైన తేలుతోందో లేదో చూడాలి. ఆ గీత ఎత్తునీ ఉష్ణోగ్రతనీ బట్టి మారుతుంది, పట్టిక పెట్టెలోనే ఉంటుంది. లోపలి కాలర్‌ని చొక్కా కాలర్ లోపలికి దోపకపోతే మెడ దగ్గర గాలి వృథాగా పోతుంది. పొడవాటి గడ్డాన్ని కాలర్ కింద నొక్కేయకుండా ముందు చుట్టి పెట్టుకోవాలి, లేకపోతే వంగినప్పుడల్లా కాలర్ బయటికొస్తుంది. పట్కా మీదా, చిన్న తలపాగా మీదా చాలా హుడ్‌లు పడతాయి, లోపలి తల పట్టీని ఒక మెట్టు వదులు చేస్తే సరి.

దీని లోపాలు కూడా చెప్పాలి. ఫ్యాన్ హోరు వల్ల స్టెతస్కోప్ వినబడదు, రేడియోలో మాట సగం పోతుంది. గొట్టం తలుపు గొళ్లేలకి తగులుకుంటుంది. బ్యాటరీ చల్లటి చోట త్వరగా తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది గాలిని వడగడుతుంది అంతే, గాలిని తయారుచేయదు. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గిన చోట పనికిరాదు. మామూలు ఫిల్టర్లు కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపవు. కాబట్టి మంట ఆరిన తర్వాత జరిగే పనుల్లో కూడా గ్యాస్ మీటరు చూసుకోకుండా దీన్ని వాడకూడదు. మండే ఆవిరులున్న చోటికి తీసుకెళ్లాలంటే ఫ్యాన్, బ్యాటరీ రెండూ నిప్పురవ్వ రాని రకం అయి ఉండాలి.

అంబులెన్సు పనికి, అంటురోగుల తరలింపుకి, గాలి కొలిచి సరే అన్నాక జరిగే మంట కారణాల దర్యాప్తుకి మా ఓటు ఈ హుడ్‌కే. ఫిట్ టెస్టు లేకపోయినా వైద్య పరీక్ష మాత్రం తప్పదు. ఓషా నియమం దాన్ని హుడ్‌కి కూడా అడుగుతుంది.

శాఖలు దీన్ని ఎలా నడపాలి

కోర్టుల తీర్పులు ఒకే వైపు లేవు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో గడ్డం ఉన్న ఫైర్‌ఫైటర్లు మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం కింద 2007లో గెలిచారు, 2009లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. అప్పుడు తేలింది నగరం తన వాదనని ఆధారాలతో నిలబెట్టుకోలేదని మాత్రమే. గడ్డం మీద మాస్కు అతుక్కుంటుందని కోర్టు చెప్పలేదు. 1993లో అట్లాంటా కేసులో భద్రత వైపు తీర్పొచ్చింది. 2023లో గ్రోఫ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సంస్థకి గణనీయమైన అదనపు భారం ఉంటే తప్ప మత సడలింపుని నిరాకరించకూడదని గట్టిగా చెప్పింది. 2025లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు అట్లాంటిక్ సిటీ కేసుని ఫైర్‌ఫైటర్ వైపుగా ముందుకి పంపింది. అక్కడ నిర్ణయాత్మకమైన విషయం, నియమాన్ని అందరికీ సమానంగా అమలు చేయకపోవడం.

ఈ ఆఖరి మాటని ప్రతి శాఖా గోడకి అంటించుకోవాలి. కెప్టెన్లకీ, పైఅధికారులకీ ఏళ్ల తరబడి ఫిట్ టెస్టు చేయకుండా, మంటల దగ్గరికి వెళ్లే అవకాశం ఉన్నవాళ్ల సెలవు రోజుల గరుకు గడ్డాన్ని చూసీ చూడనట్టు వదిలేసి, భక్తుడి గడ్డం మీద మాత్రం నియమపుస్తకం తెరిస్తే అది భద్రత కాదు. డ్యూటీ మొదట్లో జాబితా పిలిచేటప్పుడే మాస్కు అంచు పడే చోటు అందరి ముఖాల మీదా ఒకేలా చూడాలి. ఆ చూపు రెండు క్షణాల పని.

గడ్డం ఉంచుకునేవాళ్లకి ఉద్యోగం ఉందా లేదా అనే ప్రశ్నకి బదులు, ఏయే పనులు బిగుతు మాస్కు అడుగుతాయో పట్టిక రాసుకోవాలి. పంపు నడపడం, నీటి సరఫరా, డిస్పాచ్, భవనాల తనిఖీ, శిక్షణ, మాస్కుల మరమ్మతు, అంబులెన్సు: వీటిలో చాలా వాటికి ఎస్‌సీబీఏ అక్కర్లేదు, కొన్నిటికి హుడ్ చాలు. కానీ ఆ చోటు తాత్కాలికమైనది కాకూడదు, జీతంలోనూ పదోన్నతిలోనూ కిందిమెట్టు కాకూడదు. పంపు ఆపరేటర్ కూడా కొన్నిసార్లు పొగ గాలివాటున నిలబడాల్సి వస్తుంది, కాబట్టి ఆ చోట గాలి దిక్కు మారితే బండిని ఎక్కడికి జరపాలో ముందే రాసిపెట్టాలి. లోపలికి వెళ్లిన ఇద్దరికి బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలన్న నియమంలో ఆ బయటి ఇద్దరూ కూడా మాస్కు పెట్టుకోగలవాళ్లే అయి ఉండాలి, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే వెళ్లాల్సింది వాళ్లే. గడ్డం ఉన్న ఆపరేటర్‌ని ఆ ఇద్దరిలో లెక్కబెట్టకూడదు, అతని పక్కన మూడో మనిషి ఉండాలి. ఆ మనిషికి జీతం కేటాయించకుండా సడలింపు ఇచ్చామనడం కాగితం మీది మాటే.

హుడ్‌లు కొంటే ఒక్కో మనిషికి విడిగా కాలరూ, తల పట్టీ ఇవ్వండి, ఫ్యాన్‌లు పంచుకోవచ్చు. ఛార్జరు బండిలో కాకుండా స్టేషన్‌లో పెడితే పిలుపొచ్చినప్పుడు బ్యాటరీ వెతుక్కోవాల్సి వస్తుంది. అది బండిలోనే, హుడ్ సంచి పక్కనే ఉండాలి.